కుక్కని దత్తత తీసుకునే ముందు రెస్క్యూ వాళ్ళ గురించి మేం ఏమేం చూశాం: నా అనుభవం

హైదరాబాద్‌లో కుక్కని దత్తత తీసుకుంటామంటే ఇచ్చేవాళ్ళకి కొదవ లేదు. ఇన్‌స్టాలో ఒక పోస్టుకి లైక్ కొడితే చాలు, మర్నాటికల్లా ఫోన్ నిండా కుక్కపిల్లల ఫోటోలే. ఇచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళో తేల్చుకోవడానికే మాకు నెలలు పట్టింది. రెస్క్యూ అని, అంటే ఆపదలో ఉన్న కుక్కల్ని కాపాడతామని, పేజీ తెరవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు మరి. అర్ధరాత్రి నాలాలోంచి కుక్కని పైకి లాగి ఆస్పత్రికి మోసుకెళ్ళేవాళ్ళకీ ఒక పేజీ ఉంటుంది, షెడ్డులో ఆడకుక్కల చేత ఏడాదికి రెండుసార్లు ఈనించి పిల్లల్ని అమ్ముకునేవాళ్ళకీ ఒక పేజీ ఉంటుంది, ఫోటోలు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఇప్పుడు మా ఇంట్లో మల్లి అనే దేశీ కుక్క ఉంది. అది వచ్చేలోపు ఎవరెవరితో మాట్లాడామో, ఎక్కడ వెనక్కి తగ్గామో, ఎందుకు తగ్గామో రాస్తున్నాను. చుట్టాల్లోనూ ఆఫీసులోనూ చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఒకచోట ఉంటే మంచిదనిపించింది.

మొదట తగిలింది అచ్చమైన మోసం. దాని గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. లాబ్రడార్ పిల్ల, ఓనర్లు విదేశాలకి వెళ్ళిపోతున్నారు, ఫ్రీగా ఇచ్చేస్తారు, పిల్ల పుణెలో ఉంది, ట్రాన్స్‌పోర్ట్ ఖర్చు ఒక్కటి పంపితే చాలన్నారు. మా ఆయన వీడియో కాల్ చెయ్యమన్నాడు, సిగ్నల్ లేదన్నారు. పోనీ ఇవాళ్టి పేపర్ పక్కన పెట్టి పిల్ల ఫోటో తీసి పంపమన్నాడు, కోపం వచ్చేసింది వాళ్ళకి. గూగుల్ లెన్స్‌లో పెట్టి చూస్తే అదే ఫోటో ఎక్కడో విదేశీ కెన్నెల్ సైట్లో ఉంది. డబ్బు పంపమన్న యూపీఐ నంబరు కొట్టి చూస్తే అందులో వచ్చిన పేరుకీ, మాతో మాట్లాడిన మనిషి పేరుకీ, పేజీ పేరుకీ దేనికీ సంబంధం లేదు. ఇలాంటివాళ్ళు ట్రాన్స్‌పోర్ట్ అయ్యాక బోను ఖర్చంటారు, ఆ తర్వాత ఇన్సూరెన్స్ అంటారు, ప్రతిసారీ ఇది తిరిగొచ్చే డబ్బే అంటారు. ఎవరైనా ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బుని ఆపగలిగే వీలు అంత ఎక్కువ.

రెండోది అంత తేలిగ్గా అర్థం కాలేదు. ఊరి బయట ఒక ఫామ్‌హౌస్‌లాంటి చోటు, పేరు చెప్పను. పేజీ నిండా రెస్క్యూ కథలే, వెళితే ఆప్యాయంగా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. షిట్జూలు, పొమేరియన్లు, ఒకటి రెండు బీగిల్ పిల్లలు ఉన్నాయి. అన్నీ ఎవరో వదిలేసినవే అన్నారు. వదిలేసే జనం లేరని నేననను, పెద్దయ్యాకనో జబ్బు చేశాకనో జాతి కుక్కల్ని కూడా రోడ్డు మీద దింపేసి వెళ్ళేవాళ్ళని నేనే చూశాను. కానీ ఇక్కడున్నవన్నీ నెలా రెండు నెలల పిల్లలు, ఏ జాతికా జాతి ఒకే ఈత పిల్లల్లా ఉన్నాయి. ముసలిది ఒక్కటి లేదు, కుంటిది ఒక్కటి లేదు, చర్మం పాడైనది ఒక్కటి లేదు. వీధుల్లోంచి తెచ్చేవాళ్ళ దగ్గర అన్నీ ఆరోగ్యంగా, అన్నీ చిన్నవిగా, అన్నీ ఖరీదైన జాతివిగా ఎలా ఉంటాయి? దత్తత ఫీజు షిట్జూకి ఒక రేటు, పొమేరియన్‌కి దానికంటే తక్కువ. ఫీజు తీసుకోవడమే తప్పని అనుకోకండి, టీకాలకీ, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కీ అయిన ఖర్చులో కొంత అడిగే మంచివాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ కుక్కకైనా టీకా ఖర్చు ఒకటే కదా, జాతిని బట్టి రేటు మారుతోందంటే అది అమ్మకమే. కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళకి 2017లో వచ్చిన నిబంధనలున్నాయి, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. దత్తత అని పేరు మారిస్తే ఇవేవీ ఎవరూ అడగరు, అదీ కిటుకు.

అక్కడ ఒక పిల్ల టీకా కార్డు చేతికిచ్చారు. దాన్ని నేను చాలాసేపు చూశాను. మూడు తేదీలు, నెలల తేడాతో ఉన్నవి, ఒకే నీలం పెన్నుతో, ఒకే వాలుతో, ఒకేసారి కూర్చుని రాసినట్టున్నాయి. టీకా సీసా మీద ఊడదీసి అంటించే చిన్న లేబుల్ ఉంటుంది, మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీదుంటాయి, డాక్టర్లు దాన్ని తీసి కార్డులో అంటిస్తారు. ఇక్కడ ఒక్క గడిలోనే లేబుల్ ఉంది, దాని మీద గడువు తేదీ, పక్కనే రాసిన ఇంజెక్షన్ తేదీ కంటే ముందే అయిపోయింది. మిగతా గడుల్లో పేరు చేత్తో రాసి పెట్టారు. డాక్టర్ ముద్ర ఉంది గానీ అందులో వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు లేదు. పైగా పిల్ల వయసు రెండు నెలలని వాళ్ళే చెప్పారు, కార్డులో రేబిస్ టీకా అయిపోయినట్టుంది. మామూలుగా పార్వో, డిస్టెంపర్ లాంటి ప్రాణం తీసే వైరస్ జబ్బులకి కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకి మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకొకసారి బూస్టర్ ఇస్తారు, రేబిస్ మూడు నెలల వయసుకి వేస్తారు. రెండు నెలల పిల్లకి మూడు డోసులూ రేబిస్సూ అన్నీ అయిపోయాయంటే లెక్క ఎక్కడా కుదరదు.

తల్లిని చూపించమన్నాను. లోపల పడుకుంది, కొత్తవాళ్ళని చూస్తే భయపడుతుందన్నారు. వెనక షెడ్డులోంచి మొరుగుడు వినిపిస్తోంది, ఒకటీ రెండూ కాదు, చాలా. అటువైపు నడవబోతే ఒక కుర్రాడు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు, "అటు ట్రీట్‌మెంట్ నడుస్తోంది మేడం" అని. తిరిగొచ్చేటప్పుడు కారులో మేమిద్దరం ఏం మాట్లాడుకోలేదు. ఆ పిల్ల మీద మనసు పడి తెచ్చేసుకుంటే ఆ షెడ్డులో ఉన్న తల్లి మళ్ళీ ఈనాల్సిందే, ఈ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను అసలు అంత దూరం వెళ్ళేదాన్నే కాదు. జంతు సంక్షేమ బోర్డుకీ పోలీసులకీ ఫోటోలతో సహా ఫిర్యాదు రాశాం.

మా కాలనీలో ఒక పశువుల డాక్టర్ గారున్నారు, పెద్దాయన. కార్డు ఫోటో చూపిస్తే ఆయన అన్నమాట ఇది: "అమ్మా, కార్డు ఎవరైనా అచ్చేయించుకుంటారు. ఇంటికి తీసుకెళ్ళే ముందు ఒకసారి మా డాక్టర్‌కి చూపించుకోవచ్చా అని అడుగు. ఆ మాటకి ఎవరు సరే అంటారో, ఎవరు తొందరపెడతారో అక్కడే తెలిసిపోతుంది." ఆ తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళినా మొదట అదే అడిగాను. ఇవాళ తీసుకోకపోతే రేపు వీధిలో వదిలేస్తాం అని బెదిరించినవాళ్ళు కూడా ఉన్నారు. నిజంగా కుక్కని ప్రేమించేవాడి నోట ఆ మాట రాదు.

ఇక కాగితాలు. మా ఆయన ఆడిటర్ దగ్గర పని చేస్తాడు కాబట్టి ఈ భాగం తనే చూశాడు. ఒక సంస్థ సొసైటీగా ఉండొచ్చు, ట్రస్టుగా ఉండొచ్చు, లాభం కోసం కాకుండా నడిపే సెక్షన్ 8 కంపెనీగా ఉండొచ్చు. కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో పేరు కొడితే వస్తుంది. స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ వాళ్ళ సైటు ఎన్‌జీఓ దర్పణ్‌లో నంబరు ఉందేమో చూడొచ్చు. 80జీ, అంటే విరాళమిచ్చేవాళ్ళకి పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు, ఉందంటే ఆదాయపు పన్ను శాఖ సైట్లో సరిచూసుకోవచ్చు, అది నిజమైతే విరాళానికి మామూలు రసీదే కాకుండా ఆర్థిక సంవత్సరం అయ్యాక విరాళం సర్టిఫికెట్ కూడా ఇస్తారు, అది అడిగితే తేలిపోతుంది. వీధికుక్కలకి ఆపరేషన్లు చేసే కార్యక్రమం నడపాలంటే 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం భారత జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు తప్పనిసరి, కాబట్టి మేం వందల ఆపరేషన్లు చేశాం అనేవాళ్ళని ఆ గుర్తింపు పత్రం చూపించమని అడగొచ్చు. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి పాత సంస్థల విషయంలో ఇంత తవ్వాల్సిన పని ఉండదు, అమల అక్కినేని గారు 1992లో మొదలుపెట్టినది, వాళ్ళెవరో ఊరికంతా తెలుసు. నిన్నగాక మొన్న పుట్టిన పేజీలతోనే చిక్కు.

అయితే కాగితాలన్నీ ఉన్న ఒక సంస్థ దగ్గరే నాకు మనసు విరిగింది. రిజిస్ట్రేషన్, 80జీ, పాన్, ఆడిట్ అన్నీ ఉన్నాయి, అడగ్గానే పీడీఎఫ్‌లు వచ్చేశాయి. వాళ్ళ పాత పోస్టులు కిందకి చూసుకుంటూ పోయాను. వెనక కాలు నుజ్జయిన ఒక గోధుమరంగు కుక్క, సర్జరీకి విరాళాలు అడిగారు, చాలామంది ఇచ్చారు, కామెంట్లలో ఎంతమంది దేవుడికి దండం పెట్టుకున్నారో. ఆ తర్వాత ఆ కుక్క ఊసే లేదు. ఫోన్ చేసి ఆ కుక్క ఇప్పుడెలా ఉందండీ అని అడిగాను. ఒకావిడ షెల్టర్లో ఉందన్నారు. అయితే ఆదివారం వచ్చి చూస్తామంటే దత్తత వెళ్ళిపోయిందని ఇంకొకాయన అన్నారు. ఎవరికిచ్చారు అని కాదు, ఏ క్లినిక్‌లో సర్జరీ అయింది, ఒక ఎక్స్‌రే ఉందా అని మాత్రమే అడిగాను. మళ్ళీ జవాబు రాలేదు. షెల్టర్ చూడటానికి కూడా ఒప్పుకోలేదు, ఇన్ఫెక్షన్ అన్నారు. పార్వో ఉన్నప్పుడు బయటివాళ్ళని రానివ్వకపోవడం సబబే, ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకి అంటుకుని ఇంకోచోటికి పోతుంది. కానీ వీడియో కాల్‌లో చూపించడానికి ఏం అడ్డం? వాళ్ళు డబ్బు తినేశారని నేనన్నానంటే అది అబద్ధమవుతుంది, నాకు తెలియదు. వాళ్ళకి ఆ కుక్క ఏమైందో తెలియదన్నది మాత్రం తెలిసింది, అంతకంటే ఇంకేం కావాలి వెనక్కి తగ్గడానికి.

అప్పట్నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే. ఎవరి పేజీలో అయినా కొన్ని నెలల కిందటి కుక్క ఒకదాన్ని ఎంచుకుని, దాని గురించే అడగడం. ఎక్కడ దొరికింది, ఎవరు చూసి చెప్పారు, ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు, బిల్లు ఎవరు కట్టారు, ఇప్పుడెక్కడుంది, నిన్నో మొన్నో తీసిన ఫోటో ఏమైనా ఉందా. పని చేసేవాళ్ళకి ఇది పరీక్షలా అనిపించదు, వాళ్ళకి ఆ కుక్కంటే ప్రాణం కాబట్టి అడగనివి కూడా చెప్పేస్తారు, చచ్చిపోయి ఉంటే ఎలా చచ్చిపోయిందో గొంతు పూడుకుపోతూ చెప్తారు. ఒక్క చావు కూడా లేదనే రెస్క్యూని నేను నమ్మను. డిస్టెంపర్ పట్టిన పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళకి చావులు తప్పవు.

మల్లిని ఇచ్చినవాళ్ళకి రిజిస్ట్రేషనే లేదు. ఈసీఐఎల్, సైనిక్‌పురి వైపు కొందరు ఆడవాళ్ళు, ఒకరు టీచరు, ఒకరు బ్యాంకులో చేస్తారు, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. షెల్టర్ లేదు, తలా ఒకటో రెండో కుక్కల్ని దత్తత వెళ్ళేదాకా ఇళ్ళలోనే ఫోస్టర్‌గా ఉంచుకుంటారు. విరాళాలు కూడా పెద్దగా అడగరు. కాగితాలు చూసి కొట్టేసే పద్ధతైతే వీళ్ళు మొదటి రోజే ఎగిరిపోయేవాళ్ళు. నేను పాత పోస్టులో ఒక గుడ్డి కుక్క గురించి అడిగితే టీచర్ గారు "ఉండండి" అని అప్పటికప్పుడు వీడియో కాల్ చేసి, సోఫా కింద పడుకున్న దాన్ని చూపించారు. ఎవరూ తీసుకోలేదు, అందుకని తనే ఉంచేసుకున్నారు.

మేం వాళ్ళని అడిగిన వాటికంటే వాళ్ళు మమ్మల్ని అడిగినవే ఎక్కువ. ఇల్లు సొంతమా అద్దెదా, అద్దెదైతే ఓనర్ ఒప్పుకున్నట్టు మెసేజ్ చూపించండి, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరెళితే ఎక్కడ వదులుతారు, ఇంతకుముందు కుక్క ఉంటే అదేమైంది, ట్రాన్స్‌ఫర్ అయితే వెంట తీసుకెళ్తారా. మా ఆయనకి మొదట కొంచెం చిరాకేసింది, మనం పెళ్ళిచూపులకొచ్చామా అని. నాకు మాత్రం అక్కడే సగం నమ్మకం కుదిరింది.

ఇల్లు చూడటానికి కాలేజీ అమ్మాయి ఒకతె వచ్చింది. చెప్పులు బయట విప్పి, నేరుగా బాల్కనీలోకి వెళ్ళి గ్రిల్ ఊచల మధ్య తన చెయ్యి పెట్టి చూసింది, అడుగున ఒకచోట సందు ఎక్కువుందని చూపించి, "అక్కా, ఇక్కడ మెష్ వేయించండి, వేయించాక ఫోటో పంపండి, అప్పుడే తీసుకొస్తాం" అంది. వీధి తలుపు గొళ్ళెం రెండుసార్లు వేసి తీసింది. తర్వాత సోఫాలో కూర్చున్న మా అత్తయ్య దగ్గరికి వెళ్ళి పక్కన కింద కూర్చుంది. "అమ్మమ్మా, వీళ్ళ సంగతి సరే, మీకు ఇష్టమేనా? పగలంతా మీతోనే ఉంటుంది కదా." అత్తయ్యని ఆ మాట మేం కూడా అంత సూటిగా అడగలేదు. ఆవిడ కాసేపు ఆగి, "దేవుడి గదిలోకి రాకూడదమ్మా, ఇంకేం లేదు, మా ఊళ్ళో కుక్కలేని ఇల్లు లేదు" అంది. ఆ అమ్మాయి వెంటనే ఆ గది గుమ్మానికి పిల్లల సేఫ్టీ గేటు ఒకటి పెట్టుకోమంది, ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పింది.

మల్లి లోపాలన్నీ వాళ్ళే ముందు చెప్పారు. చేతిలో కర్ర కనిపిస్తే వణుకుతుంది, బైక్ సైలెన్సర్ చప్పుడుకి పరిగెత్తబోతుంది, తినేటప్పుడు గిన్నె దగ్గరికి ఎవరైనా చెయ్యి తెస్తే గుర్రుమంటుంది, చిన్నపిల్లల్ని ఆ సమయంలో దూరంగా ఉంచాలి. ఎంతసేపూ చాలా మంచిది, చాలా సాధువు అని మాత్రమే చెప్పేవాళ్ళు కుక్కతో రెండ్రోజులు కూడా గడపలేదని అర్థం. మల్లి కాగితాలు ఒక ప్లాస్టిక్ ఫైల్లో పెట్టిచ్చారు. దొరికిన రోజు ఫోటో, ఒళ్ళంతా రక్తం పీల్చే గోమార్లు, చెవుల్లో గుత్తులు గుత్తులుగా. గోమార్ల జ్వరం వచ్చినప్పుడు చేయించిన రక్త పరీక్షలు వరసగా ఉన్నాయి, ప్లేట్‌లెట్లు మొదటిదాంట్లో ఎంత పడిపోయాయో, డాక్సీసైక్లిన్ మందు కోర్సు నడిచేకొద్దీ ఎలా పెరిగాయో ఆ కాగితాలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. ఆపరేషన్ సర్టిఫికెట్ ఉంది, ఆపరేషన్ అయిందని తెలియడానికి చెవి అంచున కత్తిరించిన గుర్తు ఉంది. కార్డులో ప్రతి గడిలో లేబుల్, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. మా డాక్టర్ గారికి చూపించుకుంటామంటే బ్యాంకు ఆవిడే సెలవు పెట్టి తీసుకొచ్చారు.

డబ్బు దగ్గర కూడా వాళ్ళ తీరు నాకు నచ్చింది. ఎంతివ్వమంటారు అంటే మాకేం వద్దు, క్లినిక్‌లో పాత బిల్లు కొంత మిగిలుంది, వీలైతే అక్కడే కట్టి రసీదు మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు. క్లినిక్‌కి వెళితే కౌంటర్లో అబ్బాయి వాళ్ళ పేరు వినగానే "మల్లి వాళ్ళా మేడం?" అన్నాడు.

దత్తత పత్రం రెండు పేజీలు. ఎవరికీ ఇచ్చెయ్యకూడదు, అమ్మకూడదు, ఉంచుకోలేని పరిస్థితి వస్తే ఎప్పుడైనా సరే వాళ్ళకే తిరిగివ్వాలి, ఇల్లు మారితే చెప్పాలి. 2025 ఆగస్టు 22 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వులో కూడా, వీధికుక్కని దత్తత తీసుకోవాలనుకునేవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత వాళ్ళదేనని ఉంది. కాబట్టి తిరిగి తీసుకుంటాం అని రాసిచ్చే గ్రూపు మనకి కూడా పెద్ద అండ. ఒకసారి ఇచ్చాక మా పని అయిపోయింది అనేవాళ్ళ దగ్గర తీసుకుంటే, ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా ఆ కుక్క గతేమిటి? ఆధార్ కాపీ అడిగితే భయపడకండి, అది మంచికే, కాకపోతే ముందు ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని అది ఇవ్వండి.

పిల్లల్ని తీసుకునేవాళ్ళకి ఒక్కమాట చెప్పాలి. వీధిలోంచి తెచ్చిన మర్నాడే పిల్లని చేతిలో పెట్టేవాళ్ళ దగ్గర తొందరపడకండి. పార్వో సోకాక బయటపడటానికి సాధారణంగా వారం లోపు పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు కూడా పడుతుంది. ఆ గడువు ఫోస్టర్ ఇంట్లో గడిచిన పిల్లని తీసుకుంటే అందరికీ మంచిది. ఇంటికొచ్చిన మూడోరోజు రక్తవిరేచనాలతో చచ్చిపోయిన పిల్ల గురించి మా పక్క బ్లాకు వాళ్ళు చెబుతుంటే విన్నాను, వాళ్ళ బాబు ఇప్పటికీ కుక్క మాటెత్తితే ఏడుస్తాడు.

మల్లి వచ్చాక వాళ్ళు మమ్మల్ని వదల్లేదు. మొదటి వారం రోజూ మెసేజ్ వచ్చేది, తిందా, బయటికెళ్ళిందా, నిద్రపోయిందా అని. తర్వాత ఒకరోజు చెప్పకుండా వచ్చి చూస్తామని ముందే చెప్పారు, అలాగే వచ్చారు. జీహెచ్ఎంసీ లైసెన్సుకి అప్లై చేసేటప్పుడు కావాల్సిన రేబిస్ సర్టిఫికెట్ అడగ్గానే పంపారు. వానాకాలంలో దాని పొట్ట మీద దద్దుర్లు లేస్తే ముందు వాళ్ళకే ఫోన్ చేశాను, పోయిన ఏడు కూడా ఇలాగే వచ్చిందని, అప్పుడు డాక్టర్ రాసిన చీటీ ఫోటో తీసి పంపారు.

ఈ మధ్య వాళ్ళ దగ్గర దత్తతకి అడిగేవాళ్ళకి మా నంబరు ఇస్తున్నారు, మమ్మల్ని అడిగాకే. మొన్న ఉప్పల్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, కుక్కని ఇచ్చేటప్పుడు చెప్పకుండా తర్వాత బయటపడిన సమస్య ఏమైనా ఉందా అండీ అని అడిగారు. ఉందండీ, దీపావళి చప్పుళ్ళకి మంచం కింద దూరి రాత్రంతా బయటికి రాలేదు, అది వాళ్ళు చెప్పలేదు, దీపావళి తర్వాతే వాళ్ళకి దొరికింది కాబట్టి వాళ్ళకీ తెలియదు, మీరు తీసుకునే కుక్క పోయిన దీపావళికి ఎక్కడుందో అడిగి చూడండి, అన్నాను.